పెంటయ్య బ్యాచికి రెండో భాగం

ఆ సోమవారం ఉదయం ఇడ్లీలు తింటూ నరేష్ వేసుకున్న పథకంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. జిన్నారం దగ్గర మందుబిళ్ళల ఫ్యాక్టరీలో అతను వెల్ఫేర్ అసిస్టెంటు. అంటే క్యాంటీన్‌లో పప్పు పలచబడ్డా, స్టాఫ్ బస్సు ఆలస్యమైనా, యూనిఫాం బిగుతైనా అందరి చేతా మాటలు పడే ఉద్యోగం. ఈసారి సేఫ్టీ వారోత్సవాలకు కార్మికులకు ఏదైనా మంచి సినిమా చూపించమని ప్లాంట్ హెడ్ చెప్పాడు. నరేష్ ఒకటి కాదు, మూడు తెప్పించాడు. 'రసం బండి' మొదటి భాగం, రెండో భాగం, మూడో భాగం.

ఆ కథ తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పాలి. బస్టాండు ముందు చెరకు రసం అమ్మే బుచ్చిలింగం ఒకరోజు మిషను చక్రాన్ని పొరపాటున వెనక్కి తిప్పుతాడు. తిప్పగానే ఆ రోజు పొద్దున్నే తన మంచం మీద మేలుకుంటాడు. మొదటి భాగంలో, పెళ్ళిచూపుల్లో పిల్ల తండ్రి పంచె మీద రసం ఒలకబోసిన తప్పును అలా వెనక్కి వెళ్ళి దిద్దుకుంటాడు. రెండో భాగంలో ఆశ పెరిగి అదే పొద్దుటికి మళ్ళీ మళ్ళీ వెళతాడు. చివరికి ఒకే ఇంట్లో ఏడుగురు బుచ్చిలింగాలు పోగై, ఒకరి కంట ఒకరు పడకుండా బీరువా వెనకా మంచం కిందా దాక్కుంటారు. తినడానికి ఉన్నది ఒక్క పళ్ళెం ఉప్మా. వాళ్ళలో అసలువాడు ఎవడో తేలకముందే చక్రం ఊడిపోతుంది, సినిమా కూడా అయిపోతుంది. మూడో భాగంలో ఏడుగురూ ఒక్కడైపోయి పెళ్ళి జరుగుతుంది, పాటలు కూడా ఉంటాయి. మొదటిది బ్రహ్మాండమనీ, మూడోది పరవాలేదనీ, రెండోది తీయకపోయినా నడిచేదనీ లోకాభిప్రాయం. నరేష్‌దీ అదే అభిప్రాయం.

ఫ్యాక్టరీలో మిషన్లు ఆపడానికి వీల్లేదు కనుక అందరినీ ఒకేసారి కూర్చోబెట్టడం కుదరదు. ఉన్నవి మూడు షిఫ్టులు, మూడు బ్యాచ్‌లు. వాటిని నడిపే పెద్దల పేర్లతోనే సుందర్‌రాజు బ్యాచి, పెంటయ్య బ్యాచి, వీర్రాజు బ్యాచి అంటారు. వారం తిరిగేసరికి పొద్దుటివాళ్ళు మధ్యాహ్నానికి, మధ్యాహ్నంవాళ్ళు రాత్రికి, రాత్రివాళ్ళు పొద్దుటికి మారుతుంటారు. ఇక్కడే నరేష్ బుర్ర పాదరసంలా పనిచేసింది. ప్రతి శనివారం ట్రైనింగ్ హాల్లో పొద్దుటి షిఫ్టుకు మొదటి భాగం, మధ్యాహ్నం షిఫ్టుకు రెండోది, రాత్రి షిఫ్టుకు మూడోది వేస్తే చాలు. సినిమాలను కదిలించనక్కరలేదు, మనుషులే తిరుగుతారు. మూడు వారాల్లో అందరూ అన్నీ చూస్తారు. కొందరు మధ్యలోంచి మొదలుపెట్టాల్సి వస్తుందన్న మాట నిజమే. కాలంలో వెనక్కీ ముందుకీ పోయే కథే కదా, ఎక్కడ ఎక్కితే ఏమిటని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు.

ఇంత శ్రద్ధకు ఇంకో కారణం కూడా ఉంది. పెంటయ్య కూతురు నిషిత అదే ఫ్యాక్టరీ ల్యాబులో బిళ్ళలను పరీక్షిస్తుంది. ఆమెకు నరేష్ అంటే ఇష్టం, నరేష్‌కు ఆమె అంటే ప్రాణం. మిగిలింది పెంటయ్య. మిషను ముందు నిలబడని మగవాడిని నమ్మడం ఆయనకు అలవాటు లేదు. వచ్చే ఆదివారం బీరంగూడలో వాళ్ళింటికి మాట్లాడటానికి వెళ్ళాలి. శనివారం సినిమా చూసి నవ్విన మనిషి ఆదివారం కాస్త మెత్తబడతాడని నరేష్ ఆశ.

ప్రొజెక్టరు పని ఎలక్ట్రీషియన్ చార్లీకి అప్పగించాడు. ఆదివారాలు చర్చిలో పాటల పదాలు తెర మీద వేసేది అతనే. "పెంటయ్య కాక బ్యాచికి రెండోది చార్లీ. యాది మర్వకు. ఏ బ్యాచి సిన్మ గా బ్యాచికే పడాలె," అని నరేష్ రెండుసార్లు చెప్పాడు.

"నాకు జెప్పాల్నా అన్నా," అన్నాడు చార్లీ. "ఒక పాట పాడుతుంటే ఇంకో పాట పదాలు ఏస్తే మా పాస్టరుగారు ఊకుంటడా."

శనివారం అంతా సజావుగా జరిగింది. పెంటయ్య బ్యాచి డ్యూటీ ఎక్కే ముందు హాల్లో కూర్చుంది. టైము చాలదని చార్లీ పేర్లు పడే భాగం దాటించి నేరుగా కథలోకి వెళ్ళాడు. హాల్లో ఎవరూ నవ్వలేదు, దగ్గలేదు. బయటికి వచ్చేటప్పుడు గుడిలోంచి వచ్చినవాళ్ళలా మాటలు తగ్గించి వచ్చారు. ఆ రోజు పెంటయ్య మిషను ముందు నిలబడి ఒక్క కొత్తవాడిని కూడా కసురుకోలేదని చెప్పుకున్నారు.

ఆదివారం తల్లి ఆగమ్మను వెంటబెట్టుకుని నరేష్ బీరంగూడ వెళ్ళాడు. పెంటయ్య భార్య ఇందిరమ్మ చాయ్ ఇచ్చింది. పెద్దవాళ్ళు వానల గురించి, రోడ్డు మీద ట్యాంకర్ల గురించి మాట్లాడుకున్నారు. అప్పుడు పెంటయ్య నరేష్ వైపు తిరిగాడు.

"గా సిన్మ నువ్వే తెప్పిచ్చినవట గద."

"అవు కాకా. ఎట్లుంది?"

పెంటయ్య కప్పు కింద పెట్టాడు. "ఎట్లుందని జెప్పాలె. ఇన్నేండ్ల సంది గదే మిషిను ముందల నిలవడ్డ. గదే పొద్దు, గదే బిళ్ళ. రోజుకొక్క పెంటయ్య వచ్చి పని జేసి పోతుండు. గిందరిట్ల అసలు పెంటయ్య ఎవ్వడు? నాకే ఎర్కలేదు. గా సిన్మ తీసినోనికి నా సంగతి ఎట్ల తెల్సిందని రాత్రి నిద్ర పట్టలే."

ఆ గొంతులో ఉన్న భక్తిని గుర్తించి ఊరుకుని ఉంటే ఆ రోజే తాంబూలాలు పుచ్చుకునేవారు. కానీ నరేష్‌కు, తనకు సినిమాలు బాగా తెలుసని మామగారు కాబోయే మనిషికి తెలియజేయాలని బుద్ధి పుట్టింది. "కని కాకా, నిజం జెప్పాల్నంటే మూడిట్ల రెండోదే జెర వీక్," అన్నాడు. వంటింటి గుమ్మంలో నిషిత వద్దని తల అడ్డంగా ఊపింది. తల్లి ఇచ్చే రెండో కప్పు చాయ్ వద్దంటోందనుకుని అతను ముందుకు పోయాడు. "మొదలు లేదు, ఆఖరు లేదు. మధ్యలకెల్లి మొదలైతది, మధ్యలనే ఆగుతది. అందరు గట్లనే అంటరు."

పెంటయ్య కింద పెట్టిన కప్పును ఇంకాస్త దూరం జరిపాడు.

"వీకా," అన్నాడు. "మంచిది బిడ్డా. మిగిలిన రెండు నేను సూడలె. సూస్త. గవి దీనికంటె మంచిగున్నయంటే నీ సూపు మంచిదే, పిల్లనిస్త. లేకుంటే ఇగ నువ్వు వేరే సంబంధం సూస్కో. ముందల నిలవడ్డదాన్ని గుర్తు వట్టనోడు నా బిడ్డను ఏం గుర్తు వడ్తడు."

ఆగమ్మ తిరుగు బస్సులో ఒకే ఒక్క మాట అంది. "నిన్ను పిల్లనడగమని తోల్కపోయిన గదరా, సిన్మ మీద తీర్పు జెప్పమని కాదు."

అయినా నరేష్ ధైర్యం పోలేదు. మొదటి భాగం ముందు రెండోది నిలబడదని లోకమంతా అంటోంది కదా. వచ్చే శనివారం పెంటయ్య బ్యాచి రాత్రి షిఫ్టు దిగి మూడో భాగం చూస్తుంది, ఆపై శనివారం మొదటిది. పాటలు, పెళ్ళి, పంచె మీద రసం, అన్నీ ఉన్నాయి. మనసు మారక ఏమవుతుంది.

ఆ శనివారం నరేష్‌ను పని మీద సంగారెడ్డి లేబర్ ఆఫీసుకు పంపారు. హాల్లో చార్లీ ఒక్కడే. పెంటయ్య బ్యాచి నిద్రకళ్ళతో లోపలికి రావడం చూశాడు. ఏ బ్యాచి సినిమా ఆ బ్యాచికే పడాలన్న మాట అతనికి బాగా గుర్తుంది. షిఫ్టులు మారితే తను కంగారుపడకూడదని ముందే ప్రతి పెన్‌డ్రైవ్ మీదా బ్యాచి పెద్ద పేరు రాసి అంటించుకున్నాడు కూడా. పెంటయ్య పేరున్నది తీశాడు. బస్సు తప్పిపోతుందని ఎప్పటిలాగే పేర్లు దాటించి, వేశాడు.

సోమవారం క్యాంటీన్‌లో నరేష్ నవ్వుతూ పెంటయ్య ఎదుట కూర్చున్నాడు. "మూడోది ఎట్లుంది కాకా? పెళ్ళి మంచిగ తీసిండు గద."

పెంటయ్య అతని వైపు జాలిగా చూశాడు. "పెళ్ళి ఏడిది? నరేషూ, నువ్వు సిన్మ సక్కగ సూస్తవా? రెండోదాంట్ల ఎట్లున్నదో మూడోది సుత అచ్చం గట్లనే తీసిండు. ఒక్క మాట మారలే. గదే ఇల్లు, గదే ఉప్మా, గదే ఏడుగురు. బుచ్చిలింగం గదే పొద్దుట్లకు మల్ల మల్ల పోతుండు గద, మనను సుత గదే సిన్మలకు మల్ల తోల్కవోయిండు. ఎంత గుండె ధైర్యం ఉంటే అట్ల తీస్తడు."

పక్కన కూర్చున్న బ్యాచి మొత్తం గంభీరంగా తల ఊపింది. "పోయినసారి గోడ మీద కాకి లేకుండె," అన్నారు ఒకరు. "ఈసారి పెట్టిండు. గదొక్కటే మార్పు," అన్నారు ఇంకొకరు. దాని అర్థం ఏమై ఉంటుందని వాళ్ళలో వాళ్ళు మెల్లగా మాట్లాడుకున్నారు.

నరేష్ పరుగున వెళ్ళి చార్లీని పట్టుకున్నాడు. చార్లీ తాళంచెవులు గలగలలాడించుకుంటూ గర్వంగా చెప్పాడు. "ఒక్క బ్యాచికి సుత తప్పు పోలే అన్నా. సుందర్‌రాజు అన్నోళ్ళకు మొదటిదే, వీర్రాజు అన్నోళ్ళకు మూడోదే. షిఫ్టులు మారినయి గద, నేను సుత మార్చిన." మనుషులు తిరిగారు, వాళ్ళ వెనకే సినిమాలు కూడా తిరిగాయి. అంత నిష్ఠగా పనిచేసిన మనిషిని తిట్టడానికి నరేష్‌కు నోరు రాలేదు.

పోనీ పెంటయ్యకు నిజం చెబుదామా అంటే, చూసిన సినిమానే మళ్ళీ చూసి మూడో భాగమని మురిసిపోయాడని బ్యాచి అందరి ముందూ ఆయన తల తీసేసినట్టవుతుంది. అలా తల తీసినవాడికి పిల్లనెవరిస్తారు. చివరి శనివారం ఎలాగైనా సరిచేయాలని అతను నోరు మూసుకున్నాడు. క్యాంటీన్ మాత్రం నోరు మూసుకోలేదు. బుచ్చిలింగం ఒక్కడేనని సుందర్‌రాజు బ్యాచి, ఏడుగురని పెంటయ్య బ్యాచి, వాళ్ళందరికీ కలిపి పెళ్ళి కూడా అయిపోయిందని వీర్రాజు బ్యాచి. ఎవరు కళ్ళతో చూసింది వాళ్ళు చెబుతున్నారు, ఎవరూ అబద్ధం ఆడటం లేదు. బల్లలు వేరయ్యాయి. పెరుగు గిన్నె ఒక బల్ల మీంచి ఇంకో బల్లకు పోవడం మానేసింది.

ఆ చివరి శనివారం రాకముందే, ఈ గొడవలో ప్లాంట్ హెడ్ క్యాంటీన్ పక్కనుంచి వెళ్ళడం జరిగింది. కర్ణాటక నుంచి కొత్తగా వచ్చిన ఆయనకు సినిమాల మీద ఆసక్తి లేదు, హాజరు మీద ఉంది. కిటికీలోంచి వచ్చిన మాటలు ఇవి. "ఒక్కడే లోపలున్నడు, ఆరుగురు దాక్కున్నరు. అందరిది ఒక్కటే మొకం. అసలోడు ఎవ్వడో ఎవ్వనికి తెల్వది." కాంట్రాక్టు లేబర్‌లో బుచ్చిలింగం అనే ఒక్కడి పేరు మీద ఏడుగురు డ్యూటీ కొడుతున్నారని ఆయన చెమటలు పట్టేలా అర్థం చేసుకున్నాడు.

మర్నాడు గేటు దగ్గర ఒక్కొక్క మొహాన్నీ గుర్తింపు కార్డుతో సరిచూసి లోపలికి వదలమని ఆర్డరు. లైను గేటు దాటి, టీ కొట్టు దాటి రోడ్డెక్కింది. బుచ్చిలింగం దొరకలేదు. దొరకకపోవడంతో అతనెంత గట్టివాడోనని ఆయన అనుమానం ఇంకా పెరిగింది. సెక్యూరిటీవాళ్ళు బీరువాల వెనక కూడా వెతికారు. పోలీసులకు చెప్పే ముందు ఆఖరి ప్రయత్నంగా బ్యాచి పెద్దలు ముగ్గురినీ, వెల్ఫేర్ అసిస్టెంటునూ క్యాబిన్‌కు పిలిచాడు.

"పెంటయ్యగారూ, ఏడుగురినీ మీరు కళ్ళారా చూశారని అంటున్నారు. నిజమేనా?"

"నిజమే సార్. రెండుసార్లు సూసిన."

"అసలు మనిషి ఎవరు?"

"గదే తెల్వది సార్. తెల్వదు గనుకనే అంత గొప్పగుంది," అన్నాడు పెంటయ్య తన్మయంగా.

ప్లాంట్ హెడ్ ఫోను అందుకున్నాడు. ఇక ఆగితే సినిమా హీరో మీద కేసు పడుతుంది, తాను ప్రేమించిన పిల్ల తండ్రి సాక్షిగా నిలబడతాడు. నరేష్ ముందుకు వచ్చాడు. పథకం, షిఫ్టులు, చార్లీ నిష్ఠ, అన్నీ ఏకరువు పెట్టాడు. ఆఖరి మాట పెంటయ్య వైపు చూడకుండా చెప్పాడు. "కాకోళ్ళ బ్యాచికి రెండుసార్లు పడ్డది రెండో భాగమే సార్. మూడోది ఇంక వాళ్ళు సూడనే లేదు."

సుందర్‌రాజు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. వీర్రాజు సీలింగు వైపు చూశాడు. పెంటయ్య కదలకుండా నిలబడ్డాడు. నరేష్‌కు తన పెళ్ళి ఆ గదిలోంచి నడిచి వెళ్ళిపోతున్నట్టు అనిపించింది.

"మరి కాకి?" అన్నాడు పెంటయ్య చివరికి.

"మొదటిసారి గూడ ఉండె కాకా."

"నేను సూడలె." ఆయన నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నాడు. ప్లాంట్ హెడ్ ఎదుట ఆయన కూర్చోవడం అదే మొదటిసారి. "ఒక్కటే సిన్మల నాకు రెండు సిన్మలు కనవడ్డయి. ఇంకోసారి సూస్తే మూడోది కనవడ్తదేమో. సార్, నేను దాన్ని తక్కువ అనుకున్న. గిప్పుడు ఎర్కయితుంది అదెంత పెద్దదో."

ఎవరూ నవ్వలేదు. ఆ మొహం చూస్తూ నవ్వడం సాధ్యం కాదు. ప్లాంట్ హెడ్ ఫోను పెట్టేసి, బాయిలరు మరమ్మతుకు ప్లాంటంతా ఆగే రోజు వస్తోందనీ, ఆ రోజు మూడు బ్యాచ్‌లూ కుటుంబాలతో సహా వచ్చి మూడు సినిమాలూ వరసగా చూడాలనీ ఆర్డరు వేశాడు. ఈ బుచ్చిలింగాన్ని తాను కూడా చూడాలన్నాడు.

ఆ రోజు హాలు కిటకిటలాడింది. ఇందిరమ్మ, నిషిత, ఆగమ్మ ముందు వరసలో కూర్చున్నారు. నరేష్ వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నిజానికి రెండో భాగాన్ని అతనెప్పుడూ సరిగా చూడలేదు. ఒకసారి పటాన్‌చెరు బస్సులో ఫోన్‌లో పెట్టుకుని, విసుగు పుట్టినచోటల్లా ముందుకు జరుపుకుంటూ ముగించాడు. లోకం అభిప్రాయం ఉండగా సొంతంగా చూడటం ఎందుకని అనుకుని ఉంటాడు.

ఇప్పుడు జరపడానికి లేదు. తెర మీద ఆకలితో ఉన్న బుచ్చిలింగం వంటింట్లోకి వచ్చాడు. ఉప్మా పళ్ళెం అందుకున్నాడు. తన తర్వాత ఇంకో బుచ్చిలింగం వస్తాడని, వాడికీ ఇంతే ఆకలి ఉంటుందని గుర్తొచ్చి, ముట్టకుండా మూతపెట్టి వెళ్ళిపోయాడు. రెండోవాడు వచ్చి అదే చేశాడు. మూడోవాడూ అదే. అలా ఏడుగురూ వచ్చి వెళ్ళాక కెమెరా పళ్ళెం మీద ఆగింది. మూత తీస్తే ఉప్మా మొత్తం అలాగే ఉంది. ఇల్లంతా ఆకలి, ఇంటి మధ్యలో నిండు పళ్ళెం. ఫోన్‌లో ఆ చోటు ఏమీ జరగడం లేదని నరేష్ వేలితో తోసేశాడు. ఇప్పుడు అతనికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంత గొప్పదాన్ని కాబోయే మామ ఇంట్లో కూర్చుని వీక్ అన్నానా అని సిగ్గుపడ్డాడు.

మూడో భాగం అయ్యాక దీపాలు వెలిగాయి. నరేష్ జనాన్ని తోసుకుంటూ ముందు వరసకు వెళ్ళాడు. పిల్ల దక్కినా దక్కకపోయినా నిజం చెప్పాలని నిశ్చయించుకున్నాడు.

"కాకా, నాదే తప్పు. రెండోదాని ముందల ఆ రెండు నిలవడవు. నేను సూడకుండనే మాట్లాడిన. నా సూపే మంచిగ లేదు."

పెంటయ్య మొహం వాడిపోయింది. "అయ్యో నరేషూ. ఎంత పని జేసినవు. నేను నీ దిక్కే వచ్చిన గద."

"ఏంది కాకా?"

"మొదటిదే గొప్పది బిడ్డా. నువ్వు జెప్పింది నిజం. గా పిల్ల తండ్రిని సూసినవా? పంచె ఖరాబైనా పిల్ల మొకం సూసి కోపం మింగిండు. నాకు దుఃఖం ఆగలే. రెండోది మంచిదే కని, దానిల పిల్ల తండ్రే లేడు."

ఇద్దరూ ఒకరినొకరు దిగులుగా చూసుకున్నారు. మొదటిది మెరుగైతే నరేష్ చూపు మంచిది, పిల్లనివ్వాలి. కానీ ఆ చూపు మంచిది కాదని నరేషే ఇప్పుడు ఒప్పుకున్నాడు. షరతు ప్రకారం నరేష్ గెలిచాడో ఓడాడో చుట్టూ చేరిన మూడు బ్యాచ్‌లకూ తేలలేదు. ప్లాంట్ హెడ్ కూడా ఆగి ఆలోచించాడు.

"పోయిన నెల ఒక తీరంటిరి, ఇయ్యాల ఒక తీరంటున్నరు. మీ ఇద్దరిట్ల అసలోళ్ళు ఎవ్వలో ముందల తేల్సుకోండ్రి," అంది ఇందిరమ్మ. "ఇంటికి పోయి వంట జెయ్యాలె నేను."

అప్పటిదాకా మాట్లాడని నిషిత లేచి నిలబడింది. "నాయినా, మొదటిది నీకు నచ్చింది. రెండోది ఆయనకు నచ్చింది. మంచిగుంది. నన్నొక్కరన్న అడిగిండ్రా?"

"నీకేది నచ్చింది బిడ్డా?" అన్నాడు పెంటయ్య తడబడుతూ.

"మూడోది. గది గొప్పదని నేనంటలేను. పాటలు ఎక్కువైనయి, ఆఖరికి సాగదీసిండు. కని మూడిట్ల పెళ్ళయ్యేది గదొక్క దాంట్లనే."

ఇన్ని రోజులుగా ఇంతమంది ఇన్ని బల్లల మీద వాదించుకుంటే ఈ సంగతి ఒక్కరికీ తట్టలేదు. పెంటయ్య కూతురి వైపు, ఉప్మా పళ్ళేన్ని మొదటిసారి చూసినప్పటి కంటే ఎక్కువ విస్మయంతో చూశాడు. తర్వాత నరేష్ భుజం మీద చెయ్యి వేసి, "మీ అమ్మను దోల్కొని ఆదివారం ఇంటికి రా. సిన్మ ముచ్చట మాత్రం తియ్యకు," అన్నాడు.

వాళ్ళ పెళ్ళి వీడియో మూడు భాగాలుగా వచ్చింది. రెండో దాంట్లో అన్నీ భోజనాలే కావడంతో, దాని మీద ఇంట్లో ఎవరికీ అభిప్రాయభేదం లేదు.